ఊరుమ్మడి సెన్సర్

పొగ పరీక్ష కేంద్రంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను డ్రైవర్లందరూ అనుమానం అక్క అంటారు. ఆవిడ దృష్టిలో లోకంలో బండ్లు రెండే రకాలు: పొగ వదిలేవి, వదలనట్టు నటించేవి. మొదటి రకం మీద ఆవిడకు కాస్త గౌరవముంది.

పాత బండ్ల పరువు చాలావరకు ఆక్సిజన్ సెన్సర్ చేతిలో ఉంటుంది. పొగగొట్టంలో బొటనవేలంత ఉండే ఈ మహానుభావుడు, బయటికి పోయే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి ఇంజిన్‌కు కబురు పంపుతాడు. దాన్నిబట్టి ఇంజిన్ పెట్రోలు తాగుతుంది. ముసలితనంలో ఆయన కబుర్లు తప్పితే, ఇంజిన్ మితం లేకుండా తాగి పరీక్షలో దొరికిపోతుంది.

అలాంటిది, ఆ నెలలో ఇరవయ్యేళ్ల బండ్లు పసిపాపల్లా ఊపిరి వదలసాగాయి. అక్కకు అన్నం సయించలేదు. సోమవారం ఒక పాల వ్యాన్ కిందికి దూరి చూస్తే, తుప్పు మధ్య సెన్సర్ ఒక్కటే మిలమిలలాడుతోంది. దాని వైరు మీద ఎరుపు గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టి, ఏమీ ఎరగనట్టు లేచింది.

గురువారం ఆ చుక్క సొంత అన్నయ్య టాక్సీ కింద దర్శనమిచ్చింది.

"రీడింగ్ చూశావా చెల్లెమ్మా, ముత్యంలా ఉంది! సంతకం పెట్టెయ్. ఇవాళ్టితో గడువైపోతుంది, రేపట్నుంచి బండి స్టాండులోకి రానివ్వరు."

"ఉండన్నయ్యా. ఈ సెన్సర్ ఎవరిది?"

"నాదే. వేయించి రెండు నెలలైంది."

"మరి సోమవారం పాల వ్యాన్ కిందికి ఎందుకెళ్లింది? షికారుకా?"

అన్నయ్య సైలెన్సర్ కంటే ఎక్కువ వేడెక్కాడు. "తోడబుట్టినవాణ్ణి కూడా అనుమానిస్తావుటే?"

"నిన్నే ముందు అనుమానించాలి. నీ మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెట్టిందెవరు?"

"అది మార్కులే. ఇది నా బతుకు."

అక్క పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి కాగితం మీద ‘ఫెయిల్’ అని పైకి చదువుతూ రాసింది.

ఆ మాట చెవిన పడగానే వెనక వరసలో ఉన్న ఐదు పాత కార్లూ నిశ్శబ్దంగా రివర్సు గేరు వేశాయి. అన్నయ్య పని ముగిశాక ఆ సెన్సరు కోసమే అవి కాచుకుని ఉన్నాయి.

ఖాళీ అయిన ఆవరణలో అన్నయ్య బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"కొత్తది కొని బిగించుకురా. నువ్వొచ్చేదాకా గేటు మూయొద్దని చెప్తా."

"సరే, అరగంటలో వస్తా. నమ్ముతావా?"

"నమ్మను," అంటూ అక్క ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "పద, కొట్టుకు నేనూ వస్తా."