గిన్నెకు చల్లిన పొడి

మా అత్తయ్యకు భయమన్నది లేదు. పాలు పొంగితే వట్టి చేతులతో గిన్నె దించేస్తుంది. ఇంటి ఓనరుతో మెట్ల మీదే నిలబడి గొడవ పడుతుంది. వీధి కుక్క మొరిగితే తిరిగి దాన్నే అదిలిస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు ఆ కుక్క కంటే ఈవిడంటేనే ఎక్కువ భయంగా ఉండేది. అలాంటి మనిషి చేతులు వణకడం ఒక ఆదివారం పొద్దున చూశాను. ఆ వణుకు పూర్తిగా తగ్గడం మాత్రం ఇంతవరకూ చూడలేదు.

వీధిలో అందరికీ ఆవిడ కేకులత్తయ్య. తెల్లారేసరికి మా వంటింట్లో వెన్న కరిగే వాసన మొదలవుతుంది. తేనె పోసిన పాన్‌కేకులు, పాలలో గుడ్డులో నానబెట్టి వెన్నలో కాల్చిన తీపి బ్రెడ్డు, అరటిపండు కేకు, సెలవు రోజుల్లో పుడ్డింగు. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు దారిలో ఆగి పొట్లాలు పట్టుకెళ్తారు. పొద్దున్నే తీపి తిన్నవాడు సాయంత్రం దాకా ఎవరితోనూ పోట్లాడడని ఆవిడ సిద్ధాంతం. ఆ లెక్కన రోజూ అన్నీ రుచి చూసే ఈవిడ నాతో ఎందుకు పోట్లాడుతుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఈ పని ఆవిడకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మామయ్య పోయాక, చంకలో ఒకడు, వేలు పట్టుకుని ఒకడు ఉండగా, ఒక బేకరీలో ట్రేలు కడిగే పనికి కుదిరింది. కడుగుతూ చూసింది, చూస్తూ నేర్చుకుంది. సాయంత్రం విరిగిన కేకు ముక్కలు పనివాళ్ళకు ఇచ్చేసేవారట. మా ఆయన ఆ ముక్కలతోనే ఎముక ముదిరాడు. అందుకే మా ఇంట్లో కేకు రజను కూడా చెత్తబుట్టలోకి వెళ్ళదు. మిగిలిన అంచులు, చివరలు, మాడని ముక్కలు అన్నీ ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, స్టీలు డబ్బాలో పోస్తుంది. పుడ్డింగు చేసేటప్పుడు గిన్నెకు వెన్న రాసి, ఆ డబ్బాలోంచి గుప్పెడు పొడి తీసి చల్లుతుంది. ఓవెన్ వేడికి ఆ పొడి వెన్నంతా పీల్చుకుని, అడుగున ఎర్రగా కరకరలాడే పొర కడుతుంది. తిన్నవాళ్ళు గిన్నె గీకి గీకి తినేది ఆ అడుగే.

“ఏం వేస్తారు అత్తయ్యగారూ అందులో?” అని అడగనివాళ్ళు లేరు.

“ఏమీ వెయ్యను. గిన్నె మంచిది,” అనేది.

ఆవిడ దృష్టిలో అది అబద్ధం కాదు. పిండి, పాలు, గుడ్లు, చక్కెర – ఇవీ పుడ్డింగులో వేసేవి. పొడి చల్లడమంటే గిన్నెను సిద్ధం చేయడం, గుడ్డతో తుడిచినట్టే. నిద్రలో లేపి పుడ్డింగులో ఏమేం వేస్తావని అడిగినా పొడి పేరు ఎత్తదు. దాచాలని కాదు, అది వేసే వస్తువని ఆవిడకు తోచదు. నాకూ అలాగే నేర్పింది.

కింది వాటాలోకి ఒక టీచరమ్మ, ఆమె కూతురు అద్దెకు దిగారు. ఆ పిల్ల నిద్రపోయేటప్పుడు తప్ప నోరు మూయదు. అత్తయ్య దానికి మొదటిరోజే గిలక్కాయ అని పేరు పెట్టింది. పొద్దున్నే వాసన మెట్ల మీదుగా దిగేసరికి ఆ పిల్ల పైకెక్కి మా గుమ్మం ముందు కూర్చునేది. “బామ్మా, ఇవాళ ఏంటి? మెత్తగా ఉంటుందా? తేనె ఉంటుందా? నాకు చూపించు, నేను తిననులే,” అంటూ ఒకటే వాగుడు.

తినననడానికి కారణం ఉంది. టీచరమ్మ దిగిన రోజే పైకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

“జీడిపప్పు, బాదం, అక్రోటు... ఏ పప్పూ దీనికి పడదండీ. పడదంటే కడుపునొప్పి కాదు, ఊపిరాడదు. ఒకసారి చేతుల్లోంచి పోయి తిరిగొచ్చింది. దయచేసి ఎంత అడిగినా ఏమీ పెట్టకండి.”

ఆమె చేతిసంచీ ఎప్పుడూ భుజాన్నే ఉంటుంది. అందులో పిల్ల కోసం ఇంజెక్షను ఉందని కూడా చూపించింది. ఎదురుగా కూర్చున్న పిల్లకు పెట్టకుండా ఊరందరికీ పెట్టడం అత్తయ్య వల్ల అయ్యే పని కాదు. చేతికి ఎముక లేని మనిషికి చేతులు కట్టేసినట్టయింది. పిల్ల గుమ్మంలో కూర్చున్నప్పుడల్లా ఆవిడ అటువైపు వీపు పెట్టి పని చేసుకునేది.

చివరికి ఒకరోజు తనే కిందికి దిగి అడిగింది. “అమ్మా, పప్పు నీడ కూడా పడకుండా చేస్తాను. అన్నీ కొత్తవి తెప్పిస్తాను. నమ్ముతావా?”

టీచరమ్మ చాలా రోజులు ఆలోచించింది. పిల్ల ప్రాణం తోడేసింది. ఆఖరికి, “మీ మీద నమ్మకంతోనే,” అంది.

ఆ ఆదివారం మా వంటింట్లో జరిగింది చూస్తే ఆపరేషను గది గుర్తొస్తుంది. ముందురోజే గట్టు, ఓవెను సబ్బుతో కడిగించింది. కొత్త గిన్నె, కొత్త చెంచాలు, కొత్త జల్లెడ. సీలు తియ్యని పిండి, వెన్న. నేను రాత్రి జీడిపప్పు బిస్కెట్టు తిన్నానని పొద్దున్నే తలస్నానం చేయించి, బట్టలు మార్పించి, అప్పుడు గానీ వంటింట్లోకి రానివ్వలేదు. “ఇంకా నయం, నన్ను కూడా జల్లెడ పట్టలేదు,” అన్నాను. నవ్వలేదు. ప్రతి ప్యాకెట్టు మీద అక్షరాలు నాతో రెండేసిసార్లు చదివించుకుంది. ఊరి మీద జోకులేసే మనిషి ఆ పూట ఒక్క మాట కూడా పొల్లు మాట్లాడలేదు.

పుడ్డింగు బంగారంలా వచ్చింది. కాస్త చల్లారాక గిన్నెతో సహా గుడ్డలో చుట్టి స్వయంగా కిందికి పట్టుకెళ్ళి ఇచ్చింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, “హమ్మయ్య, ఒక పని అయింది,” అంది. అప్పుడు నవ్వింది.

నేను గట్టు సర్దుతున్నాను. పిండి డబ్బా తీశాను, వెన్న కాగితం తీశాను. వాటి వెనక కేకు పొడి పోసే స్టీలు డబ్బా ఉంది, మూత తీసి పక్కన పెట్టి.

“అత్తయ్యా, ఈ డబ్బా ఎవరు తీశారు?”

“నేనే. గిన్నెకి చల్లొద్దూ మరి?” అంది మామూలుగా.

అన్న తర్వాత ఆవిడే ఆ మాట విన్నది. ముందురోజు ఆర్డరుకు చేసినవి జీడిపప్పు కేకులు. వాటి అంచులు సాయంత్రం ఆవిడే నలిపి పోసింది. డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. ముఖాన కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. “నేను వెయ్యలేదే. నేనేం వెయ్యలేదే అందులో,” అంది చిన్నపిల్లలాగా. చేతులు వణకడం అప్పుడే మొదలైంది.

నేను మెట్ల మీద దూకుతూ దిగాను. కింద తలుపుకు తాళం. తాళం చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను చేశాను. మూసిన తలుపు లోపల మోగింది. మోగుతూనే ఉంది. పిల్లకు పండగలా ఉండాలని ఫోను కూడా ఇంట్లో వదిలేసి వెళ్ళింది ఆ తల్లి.

గేటు పక్కన మిషను కుట్టే ఆయన తల కూడా ఎత్తకుండా చెప్పాడు. “పార్కుకెళ్తున్నారంట. గిన్నె చంకన పెట్టుకుని, ఆ పిల్ల ఒకటే గంతులు.”

పార్కు మా వీధి చివరే. రోజూ చూసే ఆ వీధి ఆ పూట ఎంతకీ తరగలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికి మూలిగే మనిషి చెప్పుల్లేకుండా నా వెంట పరుగెత్తుతోంది. మధ్యలో నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉప్పు పడిందని చెబుదామే. చక్కెర అనుకుని ఉప్పు వేశానంటాను. గిన్నె లాగేసుకుందాం. డబ్బా సంగతి ఎత్తకు.”

“ముందు పదండి!” అని అరిచాను. అత్తయ్య మీద నేను అరవడం అదే మొదలు. ఆవిడ అడిగింది అర్థం కాక కాదు. ఇన్నేళ్ళు ట్రేలు కడిగి, చేతులు కాల్చుకుని సంపాదించుకున్న పేరు అది. ఒక గుప్పెడు పొడికి పోతుంది. ఆ క్షణంలో నాక్కూడా ఉప్పు మాటే బాగుందనిపించింది. పిల్ల ఇంకా తినకపోయి ఉంటే చాలు, ఏ అబద్ధమైనా ఆడొచ్చు అనుకున్నాను.

పిల్ల తింటోంది.

చెట్ల నీడలో బల్ల మీద గిన్నె మధ్యలో పెట్టుకుని తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. పైన మెత్తటి భాగమంతా తల్లికి వదిలేసి, పిల్ల చెంచా నిలువునా దించి అడుగు తవ్వుతోంది. ఊరందరూ అడుగే బాగుంటుందంటారని అది రోజూ మా గుమ్మంలో వింటూనే ఉందిగా. మమ్మల్ని చూసి టీచరమ్మ నవ్వుతూ లేచింది.

“రండి రండి, ఏం చేశారండీ అసలు! దీనికి నోట మాట లేదు!”

నిజమే. గిలక్కాయ నోట మాట లేదు. చెంచా పట్టుకుని నాలుక పెదాలకు రుద్దుకుంటోంది. పెదవి ఒకవైపు ఉబ్బి ఉంది.

అత్తయ్య ఉప్పు అంటుందని నేను ఎదురు చూశాను. ఆవిడ గిన్నెను ఒక్క తోపు తోసింది. అది దూరంగా పడి దొర్లింది.

“జీడిపప్పు ఉంది! అక్రోటు కూడా ఉండొచ్చు! గిన్నెకి పాత కేకు పొడి చల్లాను, చల్లానమ్మా, నేనే చల్లాను! సూది తియ్యి!”

టీచరమ్మ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, చెయ్యి మాత్రం అప్పటికే సంచీలో ఉంది. పిల్లను గడ్డి మీద పడుకోబెట్టి, బట్టల మీంచే తొడలోకి సూది గుచ్చి అదిమి పట్టుకుంది. పిల్ల ఏడవలేదు. గొంతులోంచి ఈల లాంటి శబ్దం వస్తోంది. మేం బతిమాలితే ఎవరో కారు తీశారు. కారులో ముందుసీట్లో కూర్చున్న నాకు వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. ఆ ఈల వినబడుతున్నంతసేపూ ఊపిరి ఉన్నట్టే అనుకుంటూ, దాన్నే వింటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు అని అడిగింది. అత్తయ్యే చెప్పింది, ఒక్కటీ దాచకుండా. తర్వాత మమ్మల్ని బయట ఉండమన్నారు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. అరికాళ్ళు చీరుకుపోయి రక్తం కారుతోంది, నర్సు వచ్చి కడుగుతానన్నా కాళ్ళు ముడుచుకుంది.

“తెలిసే చేశానా, తెలీకే చేశానా చెప్పవే,” అని అడుగుతుంది నన్ను. “తెలీకే అత్తయ్యా,” అంటాను. కాసేపటికి మళ్ళీ అదే అడుగుతుంది.

గండం గడిచిందని డాక్టరు బయటికొచ్చి చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. టీచరమ్మ బయటికి వస్తే ఎదురెళ్ళి తల వంచుకుని నిలబడింది. టీచరమ్మ తిట్టలేదు. “సమయానికి చెప్పారు,” అని మాత్రం అంది, ఎటో చూస్తూ. ఆ మాట మెచ్చుకోలో, దెప్పో నాకు తెలియలేదు. ఆమె లోపలికి వెళ్ళాక, “రెండు దెబ్బలు వేసినా బాగుండేదే,” అంది అత్తయ్య.

మధ్యాహ్నానికి పిల్ల లేచి కూర్చుందని చూడనిచ్చారు. అత్తయ్య గడప దాటలేదు. తలుపు పక్కనే నిలబడింది, నేను ఆవిడ వెనక. పిల్ల ముఖం వాపు చాలావరకు తీసింది. మమ్మల్ని చూసింది. కోపం లేదు, భయం లేదు, ఎప్పటిలాగే చూసింది. నా గుండె కాస్త తేలికపడింది.

టీచరమ్మ గ్లాసులో నీళ్ళు పోసి పెదాల దగ్గర పెట్టింది. పిల్ల నోరు బిగించి తల తిప్పుకుంది.

“తాగమ్మా, గొంతు ఎండిపోయింది కదా.”

“ఇందులో ఏముంది?”

“నీళ్ళేరా.”

“ఇంకేం లేదా?”

“ఏం లేదు. ఒట్టి నీళ్ళు. నీ ముందే పోశానుగా.”

పిల్ల గ్లాసులోకి తొంగి చూసింది. దాని అడుగు కూడా ఎత్తి చూసింది. తర్వాత తల్లి ముఖంలోకి చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చేతి ముద్ద తప్ప మరో ముద్ద ఎరగని పిల్ల.

“ముందు నువ్వు తాగు,” అంది.

టీచరమ్మ ఒక గుక్క తాగింది. పిల్ల ఆమె పెదాల వంకే చూస్తూ కూర్చుంది. గ్లాసు మళ్ళీ ముందుకొచ్చినా అందుకోలేదు.

“ఇంకొంచెం తాగు,” అంది.

నా ముందు అత్తయ్య తలుపు చట్రం పట్టుకుంది. టీచరమ్మ మళ్ళీ తాగింది.