దానిమ్మల వంతు

నిన్న డ్యూటీలో మా వార్డు అమ్మాయి ఫోన్ తీసి, సెలవులకు వెళ్లొచ్చిన కొండ మీది హోటల్ ఫొటోలు చూపించింది. లోయ అంచున నీలంగా ఈతకొలను. "ఎంత బాగుందో చూడండి ఆంటీ," అంది. బాగుందనే అన్నాను. అక్కడ ఒకప్పుడు దానిమ్మతోట ఉండేదని చెప్పబుద్ధి కాలేదు.

మస్కట్‌కు బదిలీ కాకముందు నేను ఆ కొండ ఊళ్లోని చిన్న ఆరోగ్యకేంద్రంలో నర్సుని. అప్పటికింకా తారురోడ్డు లేదు. పక్కింటి ఒమానీ ముసలావిడను పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడ నన్ను "బింతీ", అంటే నా కూతురా, అని పిలిచేది. మోకాళ్ల నొప్పులకు నేనిచ్చిన మాత్రలు వేసుకుని, వాటి మీద నమ్మకం చాలక కాబోలు, గులాబీలతో తను కాచిన పన్నీరు కూడా పైన రాసుకునేది. ఏప్రిల్ వస్తే ఊరంతా పన్నీరు కాచే పొయ్యిల పొగే. నా యూనిఫాం ఎంత ఉతికినా ఆ వాసన వదిలేది కాదు.

కొండ ఊట నీరు సన్నటి కాలువలో వచ్చేది. ఒక్కో తోటకు ఒక్కో పూట వంతు. వంతు వచ్చినవాళ్లు మడవకు అడ్డంపెట్టిన రాయి తీసి నీళ్లు మళ్లించుకుని, మళ్లీ మూసేవారు. తరవాత రోడ్డు వచ్చింది. కింద కొత్త ఇళ్లు, కుళాయిలు, బడి వచ్చాయి. కాదనను, మంచివే, కాన్పు కష్టమైన తల్లిని జీపులో కుదుపుల మధ్య కొండ కిందికి దింపినదాన్ని నేను. ఒక్కో కుటుంబమే దిగిపోయింది, పెద్దమ్మ మిగిలింది. ఎవరి వంతు వస్తే వాళ్ల తోటకు తనే నీళ్లు పెట్టేది. ఊట సన్నబడిన ఏడు ఆవిడ గులాబీలు వాడిపోతుంటే నా ప్రాణం ఊరుకోలేదు. "వాళ్లెవరూ లేరుగా పెద్దమ్మా, ఆ నీళ్లు మీ తోటకు తిప్పుకోండి," అన్నాను.

"మనుషులు వెళ్లారు బింతీ. చెట్లు ఇక్కడే ఉన్నాయిగా."

గులాబీలు ఎండిపోయాయి. ఆ ఏడు ఆవిడ పన్నీటి పొయ్యి వెలిగించలేదు.

ఆ తరవాత పక్క దానిమ్మతోటవాళ్లు స్థలం హోటల్‌కి అమ్మేశారు. జేసీబీ వచ్చిన పొద్దున పెద్దమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. డ్రైవర్ నిజామాబాద్ వైపు మనిషి. "అయ్యో, ఆగండి" అని నా నోట తెలుగు వినగానే ఇంజన్ ఆపాడు.

"ఏమంటుందక్కా ముసలామె?"

"ఇవాళ ఈ చెట్ల వంతట. నీళ్లు తాగేదాకా ఆగమంటోంది."

"ఎట్లయినా పీకేటియే గదక్కా," అన్నాడు మెల్లగా. అతనేమన్నాడో చెప్పమని ఆవిడ నన్ను అడగలేదు. ఆవిడకు తెలుసు. అతను కాసేపు ఆవిడ వంకే చూసి, "సరే, పెట్టుమను," అని కిందికి దిగాడు.

పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని వంగి రాయి తీసింది. నీళ్లు ఒక్కో పాదులోకి చేరి ఇంకుతుంటే ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఆఖరి పాదు నిండాక ఆవిడ మడవ మూసి, అతనికి తల ఊపి, ఇంట్లోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ చలికాలమే ఆవిడా పోయింది. ఊళ్లనూ మనుషులనూ ఇంత తొందరగా తీసుకుపోయే కాలం, ఆ ఒక్క పూట మాత్రం చెట్లు నీళ్లు తాగేదాకా ఆగిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.