పాపం, పోయారండీ

కెనడాలో, ఏజాక్స్‌లో మా ఎదురింటాయనకు పోయినవాళ్ళంటే మహా జాలి. ఉన్నవాళ్ళు మాత్రం ఆయన కంటికి ఆనరు. మా రెండు కుటుంబాలూ కలిసి మెక్సికో వెళ్ళినప్పుడు, అడవిలో పాతకాలపు మాయా జాతివాళ్ళ కట్టడాల శిథిలాల మధ్య కనపడిన ప్రతి రాయినీ అరచేత్తో తట్టి, "పాపం, పోయారండీ" అన్నారు. గైడ్ చెప్పేది ఒక్క ముక్క వినలేదు.

మధ్యాహ్నం ఒక గుహలోని కొలనులో ఈతకు దిగాం. ఆయన లైఫ్ జాకెట్ బిగించుకుని, మెట్టు మీదే కూర్చుని నీళ్ళలో కాళ్ళాడించారు. గైడూ డ్రైవరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, అది స్పానిష్‌లా లేదే అని అడిగాను.

"మాయా, మేడమ్. మా ఇళ్ళలో ఇదే మాట్లాడతాం," అన్నాడు గైడ్.

"మన ముందు వాళ్ళ భాషలో మాట్లాడుకోవడం ఏం మర్యాదండీ?" అని ఎదురింటాయన నాతో తెలుగులో విసుక్కున్నారు.

తిరిగొచ్చాక మమ్మల్ని భోజనానికి పిలిచి, టీవీలో ఆ ఫొటోలు చూపించారు. "పాపం, పోయారండీ. ఇప్పుడు ఆ భాష మాట్లాడే నాథుడే లేడు," అని నిట్టూర్చారు.

పక్కనే కూర్చున్న ఆయన కూతురు నా చెవి దగ్గరికి వంగింది.

"ఆంటీ, వాట్ ఈజ్ డాడ్ సేయింగ్?"

ఇంగ్లీషులో చెప్పాను.