రేపల్లె పిల్లలు కొట్టిన పేరు

పొద్దున ఏడున్నరకే తెనాలి స్టేషన్లో కూర్చున్నాను. రేపల్లె ప్యాసింజరు ఎనిమిది దాటాక గానీ కదలదు. ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేయను? పిల్లలు లేరు. నా భార్య జాన్‌బీ పోయాక మా తలుపు కొట్టే మనిషే లేడు. కరెంటు బిల్లు కుర్రాడు కూడా బయట మీటరు చూసి అటునుంచి అటే పోతాడు.

నా పని గిన్నెల మీద పేర్లు కొట్టడం. సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని, చిన్న ఉలీ సుత్తీతో చుక్క పక్కన చుక్క పెడుతూ వయసంతా గడిపాను. ఇప్పుడు కరెంటు పెన్నులొచ్చాయి, నన్నెవరు పిలుస్తారు? అలాంటిది మొన్న రేపల్లె బడి నుంచి రత్నకుమారి టీచరు ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, పేర్లు ఎలా కొడతారో మా పిల్లలకి చూపించాలండి. మీరు తప్పకుండా రావాలి" అంది. రమ్మన్న మాట విని ఎన్నాళ్ళయిందో!

టిక్కెట్టు పది రూపాయలు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా జామకాయల గంపతో ఒకావిడ.

"ఏంటి అన్నయ్యా, సంచిలో గలగలలు?"

"ఉలులమ్మా. బడికి వెళ్తున్నా."

"ఈ వయసులో చదువా!" అని నవ్వి, నా చేతిలో ఓ జామకాయ పెట్టి వేమూరులో దిగిపోయింది. ఆ తర్వాత నన్ను పలకరించినవాళ్ళు లేరు. కాలవ గట్లు, కోసిన చేలు చూస్తూ కూర్చున్నాను.

రేపల్లెలో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట ఇడ్లీ బాగుంది, చట్నీ మాత్రం ఉత్త నీళ్ళు. బడి నడిచిపోయే దూరమే.

అయిదో తరగతి గదిలో గోడ నిండా కాగితాలు. పిల్లలు ఇంటింటికీ వెళ్ళి, గిన్నెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ పేర్లు తెచ్చారట. ఏ కోడలు ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి పెళ్ళికి ఎవరు బిందె పెట్టారు, అన్నీ అడిగి కింద రాశారు.

"భట్టిప్రోలు బౌద్ధ స్తూపం దిబ్బ చూపించడానికి తీసుకెళ్ళానండి," అంది టీచరు. "అక్కడ దొరికిన రాతి పెట్టె మీద దానమిచ్చిన వాళ్ళ పేర్లున్నాయని చెబితే, ఈ హర్షిత 'మా ఇంట్లో బిందె మీద కూడా ఉందండి' అంది. అదండీ మొదలు."

ఆ కాగితాల్లో నా చేతి రాత కూడా ఉంది. 'బాపట్ల మేనమామ' అని బిందె మీద కొట్టింది నేనే. బ, మ లాంటి అక్షరాల పొట్టలు నేను కాస్త లావుగా కొడతాను.

పిల్లలకు ఉలి పట్టడం నేర్పాను. వేళ్ళ మీద కొట్టుకుని "అబ్బా!" అంటూనే మళ్ళీ పట్టుకున్నారు. పేరెందుకని ఒకడు అడిగాడు.

"కూర పెట్టి పక్కింటికి పంపితే, గిన్నె మళ్ళీ ఇంటికి రావద్దట్రా?"

"మరి మీ పేరు ఏ గిన్నె మీదుంది తాతా?" అంది హర్షిత.

ఊరందరి పేర్లూ కొట్టాను, మా ఇంట్లో ఒక్క గిన్నె మీదా పేరు లేదు. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అని జాన్‌బీ దెప్పేది. ఆమె పోయాక మా గిన్నె గుమ్మం దాటిందే లేదు, ఇక దానికి పేరెందుకు? "లేదమ్మా" అని మాత్రం అన్నాను.

మధ్యాహ్నం బడిలోనే అన్నం, పప్పు, గుడ్డు. బయల్దేరుతుంటే హర్షిత పరిగెత్తుకొచ్చి టీచరు టిఫిన్ గిన్నె నా చేతిలో పెట్టింది. అంచు కింద వంకరటింకరగా 'మస్తాన్ తాత, తెనాలి'. లోపల సున్నుండలు.

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదంట తాతా, టీచర్ చెప్పారు."

నాలుగింటి బండి ఖాళీ. గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక సున్నుండ తిందామని మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. వెళ్ళదలచుకున్న వాళ్ళకు చెబుతున్నా, రేపల్లె దగ్గరే, పోవడం తేలికే. ఒంటరివాడికి తిరుగు ప్రయాణమే కష్టం. ఊరు దగ్గరయ్యేకొద్దీ జేబులో తాళంచెవి గుర్తొస్తుంది.

ఇల్లు చేరేసరికి పక్కింటి సువార్తమ్మ ఆఫీసు నుంచి వచ్చి గేటు తీస్తోంది. ఏడాదిగా తలలూపుకోవడమే తప్ప మాటల్లేవు. గిన్నె ఆమెకిచ్చాను.

"ఏంటి బాబాయ్ ఇది?"

"సున్నుండలమ్మా. రేపల్లె పిల్లలిచ్చారు."

"ఉండండి, గిన్నె ఇప్పుడే కడిగిచ్చేస్తా."

"ఇప్పుడొద్దు తల్లీ. దాని మీద నా పేరుంది. రేపు తెచ్చి ఇద్దువుగాని."

తాళం తీసి లోపలికెళ్ళాను. కుర్చీ తలుపుకి ఎదురుగా లాక్కున్నాను.