పళ్లు లేని కుక్క

దర్జీ అక్క నోటికి వీధంతా జడిసేది. కొలతలిస్తూ కడుపు బిగబట్టే మగవాళ్లను "ఊపిరి వదలండి బాబూ, చొక్కా మీకే కదా కుట్టేది" అని కడిగిపారేసే మనిషి. అలాంటిది, కుక్క కరిచాక గడప దాటడం మానేసింది. తప్పు కుక్కది కాదు. మలుపులో పడుకున్నదాని తోక తొక్కింది తనే. సూదులు వేయించుకుంది, పుండు మానింది, భయం మానలేదు. కొట్టుకు తాళం పడింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే వచ్చేవాళ్లంతా మరో కొట్టు చూసుకుంటారు. అది తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

మొగుడు వడ్రంగి. ఆయన నోట మాట రావడం గగనం. ఆయన చేసిన బీరువా వెనక్కి తిప్పి చూస్తే పిల్లిపిల్లో, పిట్టో పెన్సిలు గీతల్లో కనబడేది. ధైర్యం తెచ్చుకోమని అందరూ చెప్పారు, ఆయన చెప్పలేదు. ఒక చెక్కముక్క మీద ఆ కుక్కనే గీసి, గరుకు కాగితంతో పాటు ఆమె చేతిలో పెట్టాడు.

"నీకు భయమేసిన చోటల్లా రుద్దెయ్."

ఆమె ముందు పళ్లు రుద్దేసింది. బోసినోటి కుక్కను చూసి, "అచ్చం మీ బాబాయిలా ఉందండీ!" అని పగలబడి నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

మర్నాడు ఆయన పళ్లు మళ్లీ గీశాడు, ఉన్నాయా లేవా అన్నంత పల్చగా. ఆమె రుద్దేసింది. ఆయన మళ్లీ గీశాడు. పెన్సిలు వాల్చి గీస్తే వీపు మీద బొచ్చు మెత్తగా పరుచుకునేది. మొన నొక్కితే కన్ను నల్లబడేది, గీయకుండా వదిలిన చుక్కంత చోటు తడిగా మెరిసేది. చూడగా చూడగా ఆ కంట్లో కోపం కన్నా బెదురే ఎక్కువ కనబడింది ఆమెకు. గరుకు కాగితం పక్కన పెట్టేసింది.

ఒక ఉదయం తనే అంది, "ఏవండీ, కుడి చెవి తప్పు గీశారు. దానిది నిలబడదు, మడతపడి ఉంటుంది."

"నువ్వెప్పుడు చూశావ్?"

"కిటికీలోంచి. రోజూ చూస్తూనే ఉన్నా."

ఆయన గబుక్కున లేచాడు. "పద, తోడొస్తా."

"వద్దులెండి" అంటూ ఆమె కొట్టు తాళంచెవులు తీసుకుంది.

కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. మలుపులో కుక్క తలెత్తి చూసి, మళ్లీ పడుకుంది. దాటేశాక ఆమె వెనక్కి తిరిగింది. మొగుడు వీధిగుమ్మంలో నిలబడి, చెక్కముక్కను గుండెకు అదుముకుని, తనకన్నా ఎక్కువ వణుకుతున్నాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇలాంటి మనిషి దొరికినందుకు ఎవరికి చెప్పుకోవాలో తోచక, ఎదురుగా ఉంది కదా అని కుక్కకే దణ్ణం పెట్టింది.