గేటు మీద ఎమ్మెస్సీ

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ ఇంకా రాకముందు, మా నాచారం గల్లీలో గేటు మీద పేరు పక్కన డిగ్రీ రాయించుకోవడం ఒక మర్యాద. బి.ఏ.లూ బీకాంలూ ఉండేవి గానీ ఎమ్మెస్సీ ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చే భారం మా నాయిన నా నెత్తిన పెట్టాడు (నన్నడక్కుండానే). నా కెమిస్ట్రీ ఆఖరి పరీక్ష అయిన సాయంత్రమే, ఫ్యాక్టరీ నుంచి వస్తూ పెయింటర్‌ని వెంటబెట్టుకొచ్చి, నా పేరూ, పక్కన ఎం.ఎస్సీ. అనీ ఎర్ర రంగుతో రాయించాడు. "రిజల్ట్ రానియ్యి నాయినా" అంటే, "రాకేం జేస్తది? నువ్వు చదివినవు గదా" అన్నాడు.

రిజల్టు వచ్చింది. ఒక పేపరు పోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా గేటు మీద ఎర్రగా నిలబడింది. తుడిపించమని ఏడ్చాను. "తుడిస్తే గల్లీ అంతా ఎరికైతది" అన్నాడు నాయిన. అమ్మ ఆ అక్షరాలు కనపడకుండా గేటు మీద దుప్పటి ఆరేసింది. సప్లిమెంటరీ దాకా, వానాకాలమంతా, ఆ దుప్పటి అక్కడే. ఎదురింటి అత్త ఊరుకుంటుందా? "ఏంది వదినా, వానల దుప్పటి ఆరేస్తున్నవ్?" అంది. "వాన నీళ్లకు మెత్తగైతదంట" అంది అమ్మ, ఏమాత్రం తడబడకుండా.

ఆ అత్తే నన్ను పట్టుకుని, "డిగ్రీ అయింది గదా బిడ్డా, మళ్ల గీ మాస్టర్స్ అంటే ఏంది?" అని అడిగింది. అదే సబ్జెక్టు ఇంకా లోతుగా చదవడం అన్నాను. "గంత లోతుకు పోతే మునగవా?" అంది. నవ్వాను గానీ, మునిగిన సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

చివరికి నాయినే, "ఆ పోయిన పాఠమేందో నాకు జెప్పు" అని చాయ్ గ్లాసుతో ఎదురుగా కూర్చున్నాడు. ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. "సమజైతలేదు. తెలుగుల జెప్పు" అన్నాడు. తెలుగులోకి దిగేసరికి నాకే ఏమీ అర్థం కాలేదని బయటపడింది. సిగ్గేసింది. లోపలికెళ్లి మళ్లీ చదువుకుని వచ్చేసరికి ఆయన కునికిపాట్లు పడుతున్నాడు (పగలంతా మిషను దగ్గర నిలబడ్డ మనిషి మరి). అయినా చెప్పాను. పరీక్ష దాకా రోజూ ఇదే తంతు.

పాసయ్యాను. అమ్మ దుప్పటి తీసింది. అత్త పాత ప్రశ్నే ఈసారి నాయినను అడిగింది. "ఎదుటోనికి సమజయ్యేటట్టు జెప్పాలె చెల్లె, గదే మాస్టర్స్" అన్నాడాయన. "మరి నీకు సమజైందా అన్నా?" అంటే, "నాకు నిద్రొచ్చింది గని, బిడ్డకు సమజైంది" అన్నాడు.

ఇప్పుడు ఉప్పల్‌లో ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో ఎవరైనా కునుకు తీస్తే నాకు కోపం రాదు. నాయిన గుర్తొస్తాడు. గొంతు కాస్త తగ్గించి, పాఠం మాత్రం ఆపకుండా చెప్పుకుపోతాను.