తాళం వేసినా తగ్గేది

పొద్దున ఏడు గంటలు. నారాయణఖేడ్ మీద మంచు ఇంకా విడవలేదు. రాత్రి తిన్న జొన్నరొట్టె ఎప్పుడో అరిగిపోయి హమాలీ యాదయ్య కడుపు కాలుతోంది. జగన్నాథ్ సేటు కందుల దుకాణం ముందు సంచుల మీద వాలి, కాంటా దగ్గర తూకం వేసే వీరప్ప కోసం చూస్తున్నాడు.

వీరప్పది కన్నడ సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద. ముంబైలో కిరణాలు కొలిచే సర్కారు ల్యాబులో పాతికేళ్లు సామాన్లు మోసి వచ్చాడు. రోజూ ఒక రొట్టె ఎక్కువ తెచ్చి యాదయ్యకు పెట్టి, ఆ ల్యాబు కథే చెప్పేవాడు.

"నోడు, సూడు యాదయ్యా, గాజుబుడ్డిల సుక్కంత మందు. దాంట్లకెళ్లి కిరణాలొస్తుంటయి. గదే మందు దేశదేశాల ల్యాబులకు పంపుతరు. ఎవలకాళ్లు కొల్చి చీటీ మూసిపెడతరు. అన్నీ ఒక్కపారే ఇప్పుతరు. ఒకలది ఒకలు సూడొద్దు."

"సూస్తె ఏమైతది కాకా?"

"నాలుగో తరగతిల పక్కోనిది సూసి రాస్తివి గద, ఏమైంది? బడి బందైంది. ఇంకోటి ఇను. బుడ్డి మూతి కరగబెట్టి మూసినా మందు జోరు తగ్గుతనే ఉంటది. ఎవలు తియ్యలె, యాడ కారలె. గందుకే ఫలానా తారీఖు, ఫలానా గంటకు ఎంతుండె అని అందరు ఒక్క గంటకే లెక్క కడతరు."

యాదయ్యకు కళ్లు మూతపడేవి. ఆ చుక్క సముద్రాల మీద తేలిపోతున్నట్టు, ప్రతి ఊళ్లో ఎవరో దాన్ని ఒళ్లోకి తీసుకుని 'కొంచెం చిక్కినవే తల్లీ' అంటున్నట్టు తోచేది.

ఆ అలవాటుతోనే వీరప్ప ప్రతి సంచికీ బరువుతో పాటు తారీఖు, గంట రాసి కట్టేవాడు.

"కందులకు జాతకం రాస్తున్నవా?" అని సేటు నవ్వేవాడు.

మాఘంలో ఎండ ముదిరింది. నెల కిందటి సంచులు మళ్లీ తూస్తే ఒక్కోదాంట్లో కిలోకు పైనే తక్కువ. సేటు యాదయ్య మీద విరుచుకుపడ్డాడు.

"ఎత్తేది దించేది నువ్వే గదరా! దొంగ నాయాలా, రేపట్నుంచి గీడ అడుగు పెట్టకు."

 దొంగ అన్న పేరు పడితే మార్కెట్లో యాదయ్యను ఇక ఎవరూ సంచి ముట్టనివ్వరు.

వీరప్ప లేచాడు. "సేటూ, నీ లోపలి అర్రల తాళమేసి పెట్టిన సంచి ఉంది గద. గది గూడ గదే దినం, గదే గంటకు తూసిన. బయటికి తియ్యి. మూడు దుకాణాల కాంటాల మీద తూపిద్దాం. ఒకలది ఒకలు సూడొద్దు."

మూడు చోట్లా తూచారు. మడిచిన చీటీలు వీరప్ప టోపీలో వేసి అందరి ముందు విప్పారు. అరవై కిలోల సంచి, మూడు చీటీల్లోనూ యాభై ఎనిమిదిన్నరకు అటూ ఇటూగానే ఉంది.

"తాళంచెవి నీ నడుముకే ఉండె. మరి దొంగెవలు సేటూ? పచ్చి కందులు, ఎండకు ఆరినయి. గంతే."

మార్కెట్ గొల్లున నవ్వింది. సేటు మొహం మాడింది. యాదయ్య భుజం మీదికి మళ్లీ సంచి ఎక్కింది. ఆ సాయంత్రం సేటు వీరప్పను లోపలికి పిలిచాడు. బయటికి వచ్చిన వీరప్ప, సేటు లెక్క తేల్చి ఇచ్చిన జీతం జేబులో పెట్టుకుని నవ్వాడు.

మర్నాడు ఏడింటికి యాదయ్య వచ్చేసరికి కాంటా దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద బట్టలో చుట్టిన రొట్టె, దానికి కట్టిన చీటీ. చీటీ మీద ఆ రోజు తారీఖు, ఆరుంబావు అని గంట. ఇంకేమీ లేదు.

యాదయ్య బట్ట విప్పాడు. రొట్టె ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.